పొంగని కేకు

కోతల కాలంలో, గోధుమల ఊరు గుండారిన్‌లో ఒకరి పొట్ట సంగతి ఒకరు మాట్లాడుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఊరంతా పొట్టకూటి పనిలోనే మునిగి ఉంటుంది. అయినా ఆ గురువారం మధ్యాహ్నం, గోధుమ లారీల వరసలో ముందుకొచ్చిన డస్టీ, కిటికీలోంచి తల బయటపెట్టి, గింజ నాణ్యత చూసే శాంపిల్ షెడ్డు మెట్ల మీద నిలబడిన కెరిన్‌ని ఎగాదిగా చూసి, తీరిక చేసుకుని మరీ అడిగాడు.

"ఎన్నో నెల, కెరిన్?"

కెరిన్ పసుపుపచ్చ పనిచొక్కా ముందుభాగాన్ని కిందికి లాక్కుంది. అది సాగే గుడ్డ కాదు. డస్టీ పొట్ట స్టీరింగు మీద గుమ్మడికాయలా ఆని ఉంది. ఏళ్ల తరబడి బీరుతో పెంచుకున్న పంట.

"నీకు పుట్టాకే నాకు, డస్టీ. ముందొచ్చినవాళ్లదే ముందు వంతు."

డస్టీ కడుపుబ్బ నవ్వాడు. ఆ కడుపులో ఉబ్బడానికి ఇంకా చోటు మిగిలి ఉండటమే వింత. కెరిన్ కూడా నవ్వింది కానీ, నవ్వితే బెల్టు కింద సూదులు గుచ్చినట్టయింది. లోపలికి వెళ్లి మీట లాగింది. ఇనుప తొండం లారీ మీదికి వంగి గోధుమల్లోకి దిగి, బుసకొడుతూ గింజలను పీల్చి, గొట్టం గుండా షెడ్డులోని తొట్టిలోకి గలగలా కక్కింది. కొలపాత్ర నింపి, చెక్కతో అంచు గీసి, తూకం వేసింది. మిగిలినవి జల్లెడలో పోసి, అటూ ఇటూ ఆడించింది. తాలు గింజలు, కలుపు విత్తులు, ఒక నత్తగుల్ల. వేలితో నెరిపి చూసింది, ఏమైనా కదులుతోందా అని. బతికున్న పురుగు ఒక్కటి నడిచినా లారీకి లారీ మొత్తం వెనక్కి తిరగాల్సిందే. ఆ లారీ తెచ్చినవాడు సొంత మొగుడైనా సరే, పురుగంటే పురుగే.

ఏదీ కదల్లేదు. కదిలింది ఆమె కడుపులోనే. ఎక్కడో కుడివైపు మొదలై, గుడగుడమంటూ ఎడమవైపుకి ప్రయాణం కట్టింది. టీ వేళకు డబ్బాలోంచి తీసి తిన్న కేకు ముక్క, ఒక అరటిపండు, ఇంటినుంచి తెచ్చుకున్న అన్నం, కోడికూర, ఇంతే తిన్నది. పొద్దున సరిగ్గా సరిపోయిన బెల్టు ఇప్పుడు రెండో చిల్లుకు కూడా రానంటోంది. పొద్దున బెల్టు, సాయంత్రం బెలూను. రోజూ ఇదే వరస.

దానికి పేరుంది. సీలియాక్. నోటికి సీలు వేసే జబ్బు కనుక పేరు సరిగ్గానే పెట్టారని మొదట్లో కెరినే నవ్వేది. గోధుమ, బార్లీ లాంటివి రవ్వంత లోపలికి వెళ్లినా ఒళ్లు దాన్ని పగవాడనుకుని, ఆ పగ తన పేగుల మీదే తీర్చుకుంటుంది. ఇంటి చుట్టూ గోధుమ, బతుకంతా గోధుమ, ఒంటికి మాత్రం గోధుమ పడదు. శీతాకాలం ముందే రొట్టె మానేసింది. బిస్కెట్టు మానేసింది, బీరు మానేసింది, సోయాసాసు కూడా మానేసింది. ఇన్ని మానినా కడుపు మాత్రం మానలేదు.

పోయిన వారం రక్తపరీక్ష వచ్చింది. దిగాల్సిన అంకె దిగలేదు. పెర్త్ డాక్టరు ఫోన్లో మెల్లగానే చెప్పాడు: రెండింట్లో ఒకటి. ఎక్కడో మీరు గోధుమ తింటూ ఉండాలి, లేకపోతే ఇంకేదో అయ్యుండాలి. వచ్చే వారం గొంతులోంచి గొట్టం దింపి చూస్తామన్నాడు. ఆ 'ఇంకేదో'కి ఆయన పేరు పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేది. పేరు లేనిదానికి హద్దు కూడా ఉండదు. కెరిన్ దారిపక్కన బండి ఆపుకుని ఫోన్లో వెతికింది, ఒక మాట చదివి వెంటనే మూసేసింది. మూసింది ఫోన్నే. ఆ మాట మాత్రం పొట్ట ఉబ్బిన ప్రతిసారీ దానంతటదే తెరుచుకుంటోంది.

లారీలన్నీ వెళ్లాక, ఊళ్లో బిన్ అని పిలిచే ఆ గోధుమ గోదాము మేనేజరు నెవిల్ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఎండ గురించి మాట్లాడాడు, తేమ గురించి మాట్లాడాడు, తరువాత తన బూట్ల వైపు చూస్తూ, సోమవారం నుంచి షెడ్డులోకి ఒక కాలేజీ అమ్మాయిని పెడుతున్నానని చెప్పాడు. ఈ దుమ్ములో నువ్వుండటం మంచిది కాదు, ఈ కోతలు అయ్యేదాకా ఇంట్లో ఉండు, నీ మంచికే అన్నాడు.

"నా మంచి నీకెవరు చెప్పారు?"

నెవిల్ బూటుతో నేల మీది గింజలను ఒక పక్కకు నెట్టాడు. "నీ మొగుడే. గ్లెన్ ఫోన్ చేశాడు. పాపం, కంగారు పడుతున్నాడు."

ఆమె పెర్త్ వెళ్లొచ్చేదాకా ఆగమని అడిగింది. సోమవారం దాకా చూద్దామని అతను వెళ్లిపోయాడు. కెరిన్ జల్లెడ కడిగింది, తుడిచింది, మళ్లీ కడిగింది. ఈ షెడ్డులో ఆమె మాటకు లారీలు ఆగుతాయి, కదులుతాయి. ఊళ్లో ఇంకెక్కడా ఆమె మాటకు కుర్చీ కూడా కదలదు.

*

ఇంట్లో రెండు టోస్టర్లు. గ్లెన్‌ది మామూలుది. కెరిన్‌దానికి ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. రెండు వెన్న డబ్బాలు, రెండు కూరలు కోసే పలకలు. ఆలుమగలు ఒక్కటే అంటారు కానీ ఈ ఇంట్లో ఆలుకూ మగడికీ వేరువేరు రొట్టెముక్కల చట్టాలు. గ్లెన్ కోత మిషన్ దిగి, మెడ మీది దుమ్ము తుడుచుకుంటూ వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

నెవిల్‌కి ఫోన్ చేశావా అని ఆమె అడిగింది. చేశానన్నాడు. దాచే మనిషి కాదు.

"రోజంతా గోధుమ దుమ్ములో నిలబడితే కడుపెట్టా బాగుపడుద్ది, కెర్?"

"మాస్కు పెట్టుకునే ఉంటున్నా."

"సరే, దుమ్ము కాదనుకుందాం." అతను ఉప్పుడబ్బాను బల్ల మీద అటూ ఇటూ జరిపాడు. "మరి ఏం తింటున్నావో నువ్వే చెప్పు."

ఆమె పళ్లెంలో బంగాళదుంపను ఫోర్కుతో నొక్కింది, అది రెండుగా విరిగేదాకా.

"నీ బండిలో మాంసం కూరిన రొట్టె తాలూకు సంచి కనపడింది," అన్నాడతను, ఇంకా మెల్లగా. "నేనేం వెతకలా. సీటు కింద ఉంది."

అది డస్టీది. మొన్న అతని లారీ మొరాయిస్తే, పెట్రోలు బంకు దాకా దింపింది. దారిపొడుగునా తింటూనే ఉన్నాడు. ఆ మాట చెబుదామని నోరు తెరిచి, చెప్పబోతున్నది తన చెవులకే అబద్ధంలా వినిపించి, మూసుకుంది. నిజమే అయినా, సంజాయిషీ వేషంలో వస్తే ఎవరు నమ్ముతారు?

తరువాత పుదీనా టీ తాగింది. కంచె దాకా నడిచి వెనక్కి వచ్చింది. నడిస్తే గాలి కదులుతుందని నర్సు చెప్పింది. గాలి కదిలింది కానీ వెళ్లలేదు; చుట్టంలా గుమ్మందాకా వచ్చి మళ్లీ కూర్చుంది. సోఫాలో ఎడమపక్కకు తిరిగి పడుకుని, మైక్రోవేవ్‌లో వెచ్చబెట్టిన గోధుమ సంచిని పొట్ట మీద పెట్టుకుంది. ఇక్కడ ఇంటికొకటి ఉంటుంది ఆ సంచి, నడుం నొప్పికి, మెడ నొప్పికి. గోధుమతో ఉబ్బిన పొట్టకు గోధుమతోనే కాపడం. ముల్లును ముల్లుతోనే తీయాలి కదా అని ఇదివరకు నవ్వుకునేది. ఇవాళ గ్లెన్ ఆ సంచి వైపు ఒక్క క్షణం చూసి చూపు తిప్పుకునేసరికి, ఇదేనా ఏమిటి కొంపతీసి అని గుండె ఝల్లుమంది. సంచి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కింద పెట్టింది. నొప్పి ఆగక మళ్లీ తీసి పెట్టుకుంది. పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసుకుని, లోపల గాలి కాక ఇంకేదైనా గట్టిగా తగులుతుందేమోనని వేళ్లతో నొక్కుతూ, జల్లెడలో పురుగును వెతికినట్టు వెతికింది.

*

శనివారం పొద్దున జల్లు పడింది. గింజ తడిస్తే బిన్ తలుపులు తెరవరు. కెరిన్ అత్తగారింటికి వెళ్లింది.

అత్తగారి పేరు మెర్ల్. కానీ అమ్మమ్మ అయినప్పటినుంచి ఇంట్లోవాళ్లకే కాదు, ఊరందరికీ ఆవిడ 'నాన్', అంటే అవ్వ. కెరిన్‌కు జబ్బు తేలినప్పుడు వంటింట్లోంచి అన్ని రొట్టెలూ వెళ్లిపోయాయి, ఈ ఒక్క నాన్ తప్ప. నాన్ కేకు పోటీలో ఉందంటే జిల్లా సంతలో మిగతావాళ్లు రెండో బహుమతి కోసమే దిగేవారు. మిగతావాళ్లది స్పాంజి కేకు. ఆవిడది స్పొంగి. పొయ్యిలో కేకు ఉన్నంతసేపు ఆ ఇంట్లో తలుపు వేయకూడదు, గట్టిగా నడవకూడదు, రాజకీయాలు మాట్లాడకూడదు. బయటికి తీయగానే టిన్నును మోకాలెత్తు నుంచి దబ్బున నేలకు వదలాలి. అప్పుడే అది పొంగింది పొంగినట్టు నిలబడుతుంది. అంత గొప్ప మనిషి, కోడలి జబ్బు సంగతి తెలిసిన వారమే మైదా డబ్బా ఎత్తి కోళ్లకు పోసేసింది. పాత చెక్క గరిటెలు పారేసింది. ఈ వయసులో కొత్తగా మళ్లీ మొదటినుంచి నేర్చుకుని, మైదా లేకుండా ఒట్టి కార్న్‌ఫ్లోర్‌తో కేకు పొంగించింది. అది ఇదివరకటికంటే ఇంకా ఎత్తు పొంగింది. దాన్ని చూసి ఆవిడా పొంగింది. ప్రతి ఆదివారం ఒకటి కెరిన్ కోసం. ఆమె దాన్ని ముక్కలు కోసి వారమంతా టీ వేళకు తీసుకెళ్తుంది. ఇంత లోకంలో అట్టమీది అక్షరాలు చదవకుండా, భయం లేకుండా కెరిన్ నోట్లో పెట్టుకునేది అదొక్కటే.

ఈ వారం నాన్ కోళ్లగూటి మెట్టు దగ్గర జారి మణికట్టు బెణికించుకుంది. గిలక్కొట్టడానికి చెయ్యి కావాలని కబురు పెట్టింది. కెరిన్ గుడ్లు, చక్కెర కలిపి, నురగ తెల్లబడి రిబ్బనులా జారేదాకా గిలక్కొట్టింది. నాన్ కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడంచేత్తో టిన్నులకు వెన్న రాస్తూ, పెర్త్ ప్రయాణం గురించి అడిగింది. మామూలు పరీక్షేనని కెరిన్ చెప్పింది.

"పిండి డబ్బా అడుగంటింది. పై అల్మరాలో కొత్త ప్యాకెట్ ఉంది చూడు తల్లీ."

కెరిన్ స్టూలెక్కి తీసింది. కత్తెర కోసం ఒక చెయ్యి చాపుతూనే, రెండో చెయ్యి అలవాటు కొద్దీ ప్యాకెట్‌ను వెనక్కి తిప్పింది. ఈ మధ్య ఆమె చేతికి ఏ పొట్లం వచ్చినా అదే గతి. వెనక ఒకే ఒక్క వరస ఉంది. కావలసినవి: గోధుమ స్టార్చి.

మళ్లీ చదివింది. ముందుకు తిప్పింది. కార్న్‌ఫ్లోర్ అని పెద్ద అక్షరాలు. వాటి నెత్తిన, చిన్న ఎర్ర అక్షరాల్లో, గోధుమ.

మొక్కజొన్నలో జొన్న లేనట్టే, కార్న్‌ఫ్లోర్‌లో కార్న్, అంటే మొక్కజొన్న, ఉండాలని ఎక్కడా లేదు. ఇక్కడ కొట్లో రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి. మొక్కజొన్నది ఒకటి, గోధుమది ఒకటి. స్పాంజి బాగా పొంగాలంటే గోధుమదే ఉండాలని అవ్వల నాటినుంచి వస్తున్న మాట. కెరిన్ తన ఇంట్లో కొనేది మొక్కజొన్నదే. నాన్ కొనేది వాళ్లమ్మ కొన్నదే. పుట్టినప్పటినుంచి చూస్తున్న ప్యాకెట్‌ను ఎవరు చదువుతారు? కొని, డబ్బాలో పోసి, పారేస్తారు. డబ్బా మీద ఉన్నది ఒక్క మాటే, కార్న్‌ఫ్లోర్.

కెరిన్‌కు ముందు డాక్టరు మాట గుర్తొచ్చింది. ఇంకేదో కాదు. ఇంకేదో కాకపోవచ్చు. ఎక్కడో తింటున్నారు అన్నాడు డాక్టరు. ఇదిగో, ఎక్కడో ఇక్కడే. ఈ కాగితపు సంచి ఒక్కటి తీసుకెళ్లి గ్లెన్ ముందు పెడితే చాలు, నెవిల్ ముందు పెడితే చాలు, సోమవారం తన షెడ్డు తనదే. స్టూలు మీద నుంచి కిందికి చూసింది. నాన్ ఎడంచేత్తో, టిన్ను మూలల్లోకి కూడా వెన్న పోయేలా, నాలుక కొంచెం బయటపెట్టి, చిన్నపిల్ల రంగులు వేస్తున్నంత శ్రద్ధగా రాస్తోంది.

"ఏంటి, దొరకలేదా?"

"దొరికింది," అంది కెరిన్. "పురుగు పట్టింది, నాన్."

నాన్ చెయ్యి ఆగింది. "నా వంటింట్లోనా?"

కొట్లోనే పట్టి ఉంటుందని ఏదో గొణిగి, ప్యాకెట్‌ను చెత్తబుట్టలో వేసి, కెరిన్ కొట్టుకు వెళ్లి మొక్కజొన్నది తెచ్చింది, తెస్తూనే డబ్బా కడిగి, తుడిచి, అందులో పోసేసింది. కేకు పొయ్యిలోకి వెళ్లింది. ఇద్దరూ గట్టిగా ఊపిరి తీయకుండా కూర్చున్నారు. తీసి, మోకాలెత్తు నుంచి వదిలారు. దబ్బుమంది. ఇద్దరూ చూస్తుండగానే కేకు నడిమధ్య మెల్లగా, ఎవరో బొటనవేలితో నొక్కినట్టు, లోపలికి దిగిపోయింది.

నాన్ చాలాసేపు దాన్ని చూసింది. తరువాత కట్టు కట్టిన చేతిని చూసుకుంది. గిలక్కొట్టింది ఆ చెయ్యి కాదని ఆవిడకు గుర్తు రాలేదు.

"చెయ్యి పోయింది నాకు," అంది.

ఒక్క మాట చెబితే ఆ చెయ్యి ఆవిడకు తిరిగి వచ్చేస్తుంది. కానీ ఆ ఒక్క మాటలోనే ఇన్ని ఆదివారాలూ ఉన్నాయి. కెరిన్ మాటను కడుపులోనే పెట్టుకుంది. అసలే చోటు లేని కడుపు.

*

ఆదివారం మధ్యాహ్నం నాన్ భోజనానికి వచ్చింది. చంకలో కేకు డబ్బా ఉంది. దాన్ని ఎప్పటిలా బల్ల మధ్య పెట్టకుండా, కుర్చీ కింద, కాళ్ల దగ్గర పెట్టుకుంది. అణిగిన కేకును ఆవిడ ఇంతవరకు కోళ్లకు తప్ప ఎవరికీ చూపించలేదు. ఇవాళ ఎందుకు తెచ్చిందో కెరిన్‌కు అంతుపట్టలేదు. గొర్రెమాంసం, కాల్చిన దుంపలు వడ్డించింది.

గ్లెన్ గొంతు సవరించుకున్నాడు. రేపు ఆ కాలేజీ అమ్మాయి వస్తుందని నెవిల్ చెప్పాడన్నాడు. షెడ్డు తాళం చెవులు నువ్వే పంపిస్తావా, నన్ను ఇచ్చేయమంటావా అని అడిగాడు.

కెరిన్ ఫోర్కు కింద పెట్టింది. ఎడమపక్కన నాన్ మణికట్టు కట్టు తెల్లగా కనిపిస్తోంది.

"దుమ్ము కాదు, గ్లెన్. తింటున్నా. నేనే." ఆమె పళ్లెం పక్కకు జరిపింది. "దొంగచాటుగా తింటున్నా. ఇక తినను. నా షెడ్డు జోలికి మాత్రం రాకు."

గ్లెన్ ముఖంలోకి మొదట ఊరట వచ్చింది. దాని వెనకే ఇంకొకటి వచ్చి నిలబడింది. అతను కోప్పడి ఉంటే సులువుగా ఉండేది. "ఇన్నాళ్లూ," అన్నాడు. "నేను అడుగుతుంటే, నువ్వు నా ముఖం చూస్తూ..." అని, మిగతాది దుంపతో పాటు మింగేశాడు. కెరిన్ చెవులు కాలిపోయాయి. చెయ్యని దొంగతనాన్ని ఒప్పుకోవడం, చేసినదాన్ని ఒప్పుకోవడం కంటే కష్టమని ఆమెకు అప్పుడే తెలిసింది.

నాన్ వంగి డబ్బా పైకి తీసింది. ఎడంచేత్తో మూత తీయడానికి కొంచెం సేపు పట్టింది. ఎవరూ సాయం చేయలేదు. లోపల చతికిలపడిన కేకు ఉంది. దాని నడిమి గుంటలో, సరిగ్గా అమర్చినట్టు, మడతపెట్టిన కాగితపు ప్యాకెట్, ఆవిడ దారం ఎక్కించేటప్పుడు వాడే భూతద్దం.

"నిన్న నువ్వెళ్లాక చెత్తలోంచి తీశా," అంది కెరిన్‌తో. "నా వంటింట్లో పురుగేంటని నాకు మనసాగలా. పళ్లెంలో పోసి, అద్దం పెట్టి, గింజ గింజా వెతికా. పురుగు దొరకలా. సంచీ కూడా తిరగేసి చూశా. అక్షరాలు దొరికాయి."

గ్లెన్ ప్యాకెట్ తీసుకుని చదివాడు. వెనక్కి తిప్పి చదివాడు.

"ఈ పిల్ల ఏమీ తినలేదురా," అంది నాన్ కొడుకుతో. "నేను తినిపించా."

బయట నీళ్ల ట్యాంకు మీద రేకు ఎండకు టక్కుమంది.

"మా అమ్మ కూడా ఇదే కొనేది," అంది నాన్, ఎవరి వైపూ చూడకుండా. తరువాత కోడలి వైపు చూసింది. "బతికున్న పురుగు ఒక్కటి కనపడితే లారీకి లారీ మొత్తం వెనక్కి తిప్పుతావు కదమ్మా నువ్వు. లేని పురుగుని చూపించి నన్నెందుకు ముందుకు పంపించావు?"

జవాబు కోసం ఆగకుండా నాన్ కత్తి అందుకుని, ఎడంచేత్తో వంకరటింకరగా మూడు ముక్కలు కోసింది. పెద్దది కెరిన్ పళ్లెంలో వేసింది.

"పొంగలేదు. తిను."

తిన్నారు. అది కేకులా లేదు, ఇసుక కలిపిన గుడ్డట్టులా ఉంది. గ్లెన్ చాలాసేపు నమిలి, బాగుందన్నాడు.

"ఈ ఇంట్లో ఇవాల్టికి అబద్ధాలు చాలు," అంది నాన్.

గ్లెన్ లేచి, ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. కిటికీలోంచి కనిపించాడు, టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఫోనులో నెవిల్‌తో, బూటుతో నేల మీద లేని గింజలను పక్కకు నెడుతూ. తిరిగొచ్చి, గోధుమ సంచి వెచ్చబెట్టి తెచ్చి కెరిన్ ఒళ్లో పెట్టాడు. తన టోస్టరును తీసుకెళ్లి పెరటి షెడ్డులో, పనిముట్ల బల్ల మీద పెట్టుకున్నాడు.

*

పెర్త్ వెళ్లే ముందు రోజు బిన్ దగ్గర లారీలు రోడ్డు దాకా ఉన్నాయి. డాక్టరుకు ఫోన్ చేసి చెబితే, మంచి వార్తేనన్నాడు, అయినా గొట్టం వేసి చూడాల్సిందే అన్నాడు. పేగు కోలుకోవడానికి నెలలు పడుతుందట. 'ఇంకేదో' పూర్తిగా వెళ్లలేదు. వరసలో చాలా వెనక్కి వెళ్లి నిలబడింది, అంతే.

టీ వేళకు డస్టీ మెట్లెక్కి వచ్చాడు. కెరిన్ డబ్బా తెరిచి ఉంది. నాన్ మళ్లీ చేసింది, ఈసారి ఒక గుడ్డు ఎక్కువ వేసి. మళ్లీ అణిగింది. ఆవిడ పట్టు వదల్లేదు, పోటీకి దిగిన మనిషి చూపు ఆవిడ కళ్లలోకి వచ్చింది. డస్టీ అడక్కుండానే ఒక ముక్క తీసుకుని కొరికి, నమలడం ఆపి, ముక్కను తిప్పి కింది నుంచి చూశాడు.

"నాన్ చేసిందేనా ఇది? ఏం పొంగలేదే."

కెరిన్ ఒక చెయ్యి బెల్టు మీద వేసుకుంది. పొద్దుటినుంచి ఎన్నోసారో. అలవాటు కొద్దీ గుండె ముందు భయపడింది, తరువాత వేళ్లు వెతికి చూసుకున్నాయి. పొద్దున ఏ చిల్లులో పెట్టుకుందో, బెల్టు ఆ చిల్లులోనే ఉంది.

"అవును డస్టీ," అంది. "పొంగలేదు."

తరువాతి లారీ హారను కొట్టింది. ఆమె రెండో చేత్తో మీట లాగింది.